డేటాబేస్ నుంచి స్ప్రెడ్‌షీటుకు: దారిలో మారిపోయే సమాచారం

ఒక సహకార సంఘం తన సభ్యుల వివరాలన్నింటినీ డేటాబేస్‌లో జాగ్రత్తగా నమోదు చేసుకుందనుకుందాం. వార్షిక సమావేశానికి ముందు కార్యదర్శి గారు సభ్యుల జాబితా కావాలని అడుగుతారు. గుమాస్తా తెర మీద ఉన్న ‘డౌన్‌లోడ్’ బటన్ నొక్కుతాడు, ఫైలు దిగుతుంది, దాని మీద డబుల్ క్లిక్ చేయగానే ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. తీరా చూస్తే హైదరాబాదు ఎస్‌టీడీ కోడ్ 040 కాస్తా 40 అయి కూర్చుంది. ఇంటి నంబరు 8-3-12 ఉండాల్సిన చోట 2012 మార్చి 8వ తేదీ ఉంది. పన్నెండంకెల ఆధార్ సంఖ్య దశాంశ బిందువు, ప్లస్ గుర్తు కలిసిన మరేదో రూపంలో కనబడుతోంది. తెలుగులో ఉన్న పేర్ల స్థానంలో ఏ భాషకూ చెందని గుర్తుల వరస ఉంది. వెనక్కి వెళ్లి డేటాబేస్‌లో చూస్తే మాత్రం ఒక్క అక్షరం కూడా చెక్కుచెదరలేదు.

ఇలాంటప్పుడు తప్పు ఎక్సెల్‌దని కొందరు, ఫైలు తయారుచేసిన ప్రోగ్రామర్‌దని మరికొందరు అంటారు. నిజానికి ఇద్దరూ తమకు తెలిసినంతలో తమ పని చేశారు. చిక్కు ఆ ఇద్దరి మధ్య ఉన్న ఖాళీలో ఉంది. డేటాబేస్‌లో ప్రతి కాలమ్‌కూ ఒక రకం ముందుగానే నిర్ణయమై ఉంటుంది: ఇది అక్షరాల వరస, ఇది పూర్ణ సంఖ్య, ఇది తేదీ, ఇది రూపాయలూ పైసలూ ఉన్న మొత్తం. ఆ వివరాలు డౌన్‌లోడ్ కోసం సీఎస్‌వీ అనే ఉత్త అక్షరాల ఫైలులోకి ఎక్కేటప్పుడు విలువలు మాత్రమే ఎక్కుతాయి, వాటి రకాలు గట్టునే ఉండిపోతాయి. అవతలి ఒడ్డున ఫైలును అందుకునే స్ప్రెడ్‌షీటుకు ఏది ఏమిటో చెప్పేవారు ఎవరూ లేరు కనుక, ప్రతి గడిలోని గుర్తులను చూసి అది తేదీయా, అంకెలా, మాటలా అని తనే ఊహించుకుంటుంది. పైన చెప్పిన తేడాలు చూడటానికి ఎంత వేర్వేరుగా ఉన్నా దాదాపు అన్నీ ఆ ఊహ నుంచి పుట్టినవే. కాబట్టి ‘డౌన్‌లోడ్’ బటన్ తయారుచేసేవారి అసలు బాధ్యత ఫైలును పుట్టించడంతో తీరదు. అవతలి ప్రోగ్రాము ఊహించాల్సిన అవసరాన్ని వీలైనంత తగ్గించడం కూడా వారి పనే అని నా అభిప్రాయం.

సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన విలువలు. ఒక్కో రికార్డు ఒక్కో లైను, గడికీ గడికీ మధ్య ఒక కామా. ఇది ఎక్సెల్ కంటే, అసలు పర్సనల్ కంప్యూటర్ల కంటే పాతది. ఫోర్‌ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషకు ఐబీఎం తయారుచేసిన కంపైలర్ 1972 నాటికే కామాలతో విడదీసిన విలువలను చదివేది. ఇంత పాత పద్ధతికి లిఖితపూర్వకమైన వివరణ మాత్రం 2005 అక్టోబరులో గానీ రాలేదు. ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే ఆ పత్రం కూడా అందరూ పాటించి తీరాల్సిన ప్రమాణంగా కాక, అప్పటికే ఎక్కువమంది అనుసరిస్తున్న ఆచారాన్ని రాసిపెట్టిన సమాచార పత్రంగానే వెలువడింది. అంటే మూడు దశాబ్దాలకు పైగా ఎవరికి తోచినట్టు వారు రాసుకున్న తరువాత నియమాలు వచ్చాయి, అందుకే నేటికీ ఒక ప్రోగ్రాము రాసిన సీఎస్‌వీని మరో ప్రోగ్రాము వేరే విధంగా చదవడం ఆశ్చర్యమేమీ కాదు.

ఆ పత్రం చెప్పే ముఖ్యమైన నియమం ఒకటి మనవారికి బాగా అవసరం. గడి లోపల కామా గానీ, జంట కొటేషన్ గుర్తు గానీ, కొత్త లైను గానీ ఉంటే ఆ గడి మొత్తాన్ని జంట కొటేషన్లలో పెట్టాలి. లోపల ఉన్న కొటేషన్ గుర్తును రెండుసార్లు రాయాలి. మన చిరునామాలలో డోర్ నంబరు తరువాత కామా, వీధి పేరు తరువాత కామా, ఊరి తరువాత కామా ఉంటాయి. లక్షా పాతిక వేలను మనం 1,25,000 అని రెండు కామాలతో రాస్తాం. ఈ గడులను కొటేషన్లలో పెట్టకుండా వదిలేస్తే ఒక్క మొత్తం మూడు గడులుగా చీలి, దాని కుడివైపున ఉన్నవన్నీ రెండేసి గడులు పక్కకు జరిగిపోతాయి. విలువలను కామాలతో కలిపేస్తే సరిపోతుందని సొంతంగా నాలుగు లైన్ల కోడ్ రాసుకునేవారు తరచుగా దెబ్బతినేది ఇక్కడే. ప్రతి ప్రోగ్రామింగ్ భాషకూ సీఎస్‌వీ రాయడానికి బాగా పరీక్షకు నిలిచిన లైబ్రరీలు ఉన్నాయి, వాటిని వాడటమే మేలు. మొత్తాలను ఫైలులో 125000 అని కామాలు లేకుండా రాసి, లక్షల లెక్కన విడదీసి చూపించే పనిని స్ప్రెడ్‌షీటుకే వదిలేయడం ఇంకా మంచిది. జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాలలో దశాంశ బిందువు బదులు కామానే వాడతారు కాబట్టి అక్కడి ఎక్సెల్ గడుల మధ్య సెమికోలన్ కోసం చూస్తుంది. ఇక్కడ సక్రమంగా తెరుచుకున్న ఫైలు అక్కడ ఒకే కాలమ్‌గా కనబడితే కారణం అదే.

ఇక తెలుగు సంగతి కొంచెం నిదానంగా చూడాలి. నేడు చాలా డేటాబేస్‌లు అక్షరాలను అన్ని భాషల గుర్తులకూ ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో, ఆ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తాయి. ఆ పద్ధతిలో తెలుగు అక్షరానికైనా గుణింతపు గుర్తుకైనా మూడేసి బైట్లు పడతాయి. ‘తెలుగు’ అనే మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు గుర్తులున్నాయి కాబట్టి ఆ మాటకు 18 బైట్లు అవుతాయి. ఫైలు ఏ పద్ధతిలో రాసి ఉందో చెప్పే చోటు సీఎస్‌వీలో లేదు. విండోస్‌లో సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ చేసినప్పుడు ఎక్సెల్ సాధారణంగా దానిని పాత పాశ్చాత్య అక్షరాల పట్టిక ప్రకారం, ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదువుతుంది. తెలుగు గుర్తులన్నింటికీ మొదటి బైటు ఒకటే; రెండో బైటు రెండింటిలో ఏదో ఒకటి. అందుకే పాడైన తెలుగులో తల మీద వాలు గీత ఉన్న లాటిన్ అక్షరమూ, దాని పక్కన డిగ్రీ గుర్తో లేక ప్లస్ కింద మైనస్ ఉన్న గుర్తో పదేపదే కనబడతాయి. ఈ ఆనవాలును గుర్తుపట్టడం ఎంతో ఉపయోగకరం. ఇది కనబడితే ఫైలులోని తెలుగు భద్రంగానే ఉందనీ, చదివే పద్ధతి మాత్రమే తప్పిందనీ అర్థం. సేవ్ చేయకుండా మూసేసి సరైన పద్ధతిలో మళ్లీ తెరిస్తే పేర్లన్నీ తిరిగి వస్తాయి. అలా కాక అక్షరాల స్థానంలో వరసగా ప్రశ్నార్థకాలు కనబడితే పరిస్థితి వేరు. డేటాబేస్‌కూ ప్రోగ్రాముకూ మధ్య ఉన్న కనెక్షన్ తెలుగు తెలియని పద్ధతిలో కుదిరినందువల్ల అక్షరాలు ఫైలులోకి రాకముందే పోయాయి. ఆ ఫైలును ఎన్నిసార్లు తెరిచినా ప్రయోజనం లేదు, కనెక్షన్‌ను సరిచేసి మళ్లీ ఎగుమతి చేయవలసిందే.

మొదటి రకం ఇబ్బందికి బాగా వాడుకలో ఉన్న మందు, ఫైలు మొట్టమొదట బామ్ అనే మూడు బైట్ల గుర్తు పెట్టడం. దానిని చూడగానే ఎక్సెల్ ఇది యూటీఎఫ్-8 అని గ్రహించి తెలుగును సరిగ్గా చూపిస్తుంది. అయితే అదే ఫైలును మరో ప్రోగ్రాము చదివితే, ఆ కనబడని మూడు బైట్లు మొదటి కాలమ్ పేరులో భాగమనుకుని, కళ్లెదుట ఉన్న కాలమ్‌ను లేదనే ప్రమాదం ఉంది. మనుషులు ఎక్సెల్‌లో తెరిచేందుకు ఒక ఫైలు, ప్రోగ్రాములు చదివేందుకు మరొక ఫైలు అని రెండు డౌన్‌లోడ్‌లు విడిగా ఇవ్వడమే నాకు తెలిసినంతలో సరైన పరిష్కారం. రెండింటికీ ఒకే ఫైలు చాలునని పట్టుబడితే ఎవరో ఒకరు నష్టపోతారు.

తెలుగుకే ప్రత్యేకమైన మరో రెండు విషయాలున్నాయి. మన ప్రాంతంలో చాలా ఏళ్లు డీటీపీ పని అను వంటి పాత ఫాంట్లలో జరిగింది. ఆ ఫాంట్లలో టైపు చేసిన పాఠం తెర మీద తెలుగుగా కనబడినా, లోపల దాచినవి లాటిన్ అక్షరాలే. తెలుగు రూపం ఫాంటు ఇచ్చిన వేషం మాత్రమే. అటువంటి పాఠాన్ని పాత రోజుల్లో డేటాబేస్‌లోకి ఎక్కించి ఉంటే, సీఎస్‌వీ తనతో ఫాంటును మోసుకుపోలేదు కాబట్టి, ఎగుమతి చేసిన వెంటనే ఆ వేషం తొలగిపోతుంది. దానిని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవడం మినహా మార్గం లేదు. రెండోది కంటికి కనబడని ఒక గుర్తు. ‘రాజ్‌కుమార్’ అని పొల్లు విడిగా నిలిచేలా రాయడానికి జకార పొల్లు తరువాత ఒక అదృశ్య గుర్తు ఉంటుంది. ఫైలును శుభ్రం చేస్తున్నామనుకుని కనబడని గుర్తులన్నింటినీ తుడిచేసే కోడ్‌ను నేను చాలాచోట్ల చూశాను. ఆ తుడుపుతో రాజ్‌కుమార్ కాస్తా జకారానికి కావత్తు తగిలిన ‘రాజ్కుమార్’ అవుతాడు. చూడటానికి మారిపోవడమే కాదు, పాత జాబితాతో పోల్చినప్పుడు ఆ పేరు వేరొక మనిషిగా లెక్కలోకి వస్తుంది.

అంకెల విషయానికి వస్తే, ఏది సంఖ్య, ఏది గుర్తింపు అన్న భేదాన్ని ముందుగా స్థిరపరచుకోవాలి. రెండు ఆధార్ సంఖ్యలను ఎవరూ కూడరు, బ్యాంకు ఖాతాల సగటు ఎవరూ కట్టరు, పిన్ కోడ్‌ను రెండింతలు చేయరు. లెక్కలోకి రానిది, అంకెలతో రాసినా సరే, పేరు వంటిదే. స్ప్రెడ్‌షీటుకు ఈ భేదం తెలియదు. ముందున్న సున్నా దానికి విలువ లేనిది కనుక విజయవాడ కోడ్ 0866 అక్కడ 866 అవుతుంది. పన్నెండు అంకెలు, అంతకు మించినవి ఉన్న సంఖ్యను ఎక్సెల్ మామూలుగా పదుల ఘాతాల రూపంలో కుదించి చూపుతుంది. దేశపు కోడ్ 91తో మొదలయ్యే ఫోన్ నంబరుకు కూడా పన్నెండంకెలే కనుక దాని గతీ అదే. కుదించి చూపడం వరకైతే లోపలి విలువ నిలిచే ఉంటుంది. కానీ ఆ ఫైలును అలాగే మళ్లీ సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఎక్సెల్ తెర మీద కనబడుతున్న రూపాన్నే రాస్తుంది కాబట్టి చివరి అంకెలు శాశ్వతంగా పోతాయి. పదహారంకెల కార్డు నంబరుకైతే ఆ అవకాశం కూడా లేదు. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే కచ్చితంగా దాచగలదు. ఫైలు తెరిచిన క్షణంలోనే పదహారో అంకె సున్నా అయిపోతుంది, పాత ఎక్సెల్‌లోనైతే ఎటువంటి హెచ్చరికా కనబడదు.

తేదీల విషయంలో ఈ ఊహ ఎంత దూరం వెళ్లిందో శాస్త్రవేత్తల అనుభవం చెబుతుంది. మానవ జన్యువులలో కొన్నింటికి మార్చ్1, సెప్ట్2 వంటి సంక్షిప్త నామాలుండేవి. ఎక్సెల్ వాటిని మార్చి, సెప్టెంబరు తేదీలుగా మార్చేసేది. ఎక్సెల్ ఫైళ్లలో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాలలో దాదాపు అయిదో వంతులో ఇటువంటి పొరపాట్లున్నాయని 2016లో ‘జీనోమ్ బయాలజీ’ పత్రికలో వచ్చిన పరిశీలన తేల్చింది. చివరికి 2020లో జన్యువులకు పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ కమిటీయే దిగివచ్చి, మార్చ్1ను మార్చ్‌ఎఫ్1గా, సెప్ట్2ను సెప్టిన్2గా మార్చింది. ఇలాంటి కొన్ని మార్పులను ఆపుకునే వీలు ఎక్సెల్‌లో 2023లో గానీ రాలేదు. మన దగ్గర ఈ గండం ఇంటి నంబర్లకూ సర్వే నంబర్లకూ ఉంది. సర్వే నంబరు 12/3 అని ఉన్న గడిని ఎక్సెల్ మార్చి 12గా తీసుకుని, సంవత్సరాన్ని కూడా తనే చేర్చుకుంటుంది. లోపల దాచేది రోజుల లెక్కను కాబట్టి, తరువాత ఆ గడిని అక్షరాల రూపానికి మార్చితే ఒక అయిదంకెల సంఖ్య బయటపడుతుందే తప్ప 12/3 తిరిగి రాదు. అసలు అక్కడ ఉన్నది 12/3నా, 12-3నా అన్నది కూడా ఇక తెలియదు. భూమి వివరాలలో ఇది చిన్న తేడా కాదు.

నిజమైన తేదీలకు మరో చిక్కు ఉంది. సర్వర్లు సమయాన్ని చాలావరకు అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో దాస్తాయి, అది మనకంటే అయిదున్నర గంటలు వెనుక. ఏప్రిల్ 1వ తేదీ తెల్లవారుజామున మూడు గంటలకు వచ్చిన చెల్లింపు ఆ లెక్కలో మార్చి 31 రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. దానిని అలాగే ఎగుమతి చేస్తే ఆ రసీదు ముందటి ఆర్థిక సంవత్సరంలో పడిపోతుంది. ఏ కాలమానం ప్రకారం రాశారో కాలమ్ శీర్షికలోనే చెప్పాలి, తేదీని 2024-04-01 వలె సంవత్సరం, నెల, రోజు వరసలో రాయాలి. ఇలా రాస్తే రోజూ నెలా తారుమారయ్యే అవకాశం ఉండదు. విలువ అసలు నమోదు కాకపోవడానికీ, ఖాళీ అని నమోదు కావడానికీ ఉన్న తేడా కూడా ఇలాగే దారిలో పోతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ తన సీఎస్‌వీలో మొదటిదానిని ఉత్త ఖాళీగా, రెండోదానిని రెండు కొటేషన్లుగా రాసి తేడా నిలుపుతుంది, కానీ ఎక్సెల్‌లో తెరిస్తే రెండూ ఒక్కలాగే కనబడతాయి.

ఊహ వల్ల వచ్చే ప్రమాదాలలో తీవ్రమైనది భద్రతకు సంబంధించినది. గడిలోని పాఠం =, +, -, @ వంటి గుర్తులతో మొదలైతే స్ప్రెడ్‌షీటు దానిని సూత్రంగా భావించి అమలు చేయవచ్చు. వెబ్‌సైటులో ఎవరైనా తన పేరు గడిలో అటువంటి సూత్రాన్ని రాస్తే, అది డేటాబేస్‌లో నిరపాయంగా పడి ఉండి, ఎప్పుడో కార్యాలయంలో ఎవరో జాబితా తెరిచినప్పుడు వారి కంప్యూటరులో పనిచేయడానికి ప్రయత్నిస్తుంది. అలాంటి గడుల ముందు ఒక ఒంటి కొటేషన్ చేర్చమని భద్రతా నిపుణులు సలహా ఇస్తారు. దానిని గుడ్డిగా అన్ని కాలమ్‌లకూ వర్తింపజేస్తే మైనస్ 500 అనే బాకీ కూడా అక్షరాల వరసగా మారి మొత్తం లెక్క తప్పుతుంది. డేటాబేస్‌కు రకాలు తెలుసు కనుక, అక్షరాల కాలమ్‌లకు మాత్రమే ఈ రక్షణ ఇచ్చి సంఖ్యలను వదిలేయాలి.

ఇన్ని ఇబ్బందులున్నప్పుడు సీఎస్‌వీ మానేసి నేరుగా ఎక్సెల్ ఫైలే ఇవ్వవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. చదివేది మనిషి, తెరిచేది ఎక్సెల్ అని తెలిసినప్పుడు నేను కూడా అదే చేయమంటాను. 2006లో ఎక్మా-376 అనే ప్రమాణం పేరిట, 2008లో ఐఎస్‌ఓ ప్రమాణంగా వెలువడిన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అనే ఎక్సెల్ ఫైలు నిజానికి ఏ విలువ ఏమిటో గుర్తులతో చెప్పే కొన్ని ఎక్స్‌ఎంఎల్ పత్రాలను చుట్టిన జిప్ మూట. అందులో ఒక్కో గడికి విలువతో పాటు రకం కూడా రాయవచ్చు. 040ను అక్షరాల వరస అని రాస్తే అది 040గానే ఉంటుంది, 8-3-12 ఇంటి నంబరుగానే నిలుస్తుంది, తెలుగు ఏ గుర్తూ అవసరం లేకుండా తెలుగుగా తెరుచుకుంటుంది. మూల్యం ఏమిటంటే తయారీకి ఎక్కువ మెమరీ పడుతుంది, పైగా పరిమితి ఉంది: ఒక షీటులో 10,48,576 వరుసలు, 16,384 కాలమ్‌లు. 2007కు ముందటి ఎక్స్‌ఎల్‌ఎస్ రూపంలో వరుసలు 65,536 మాత్రమే. ఆ పాత పరిమితి 2020లో ఇంగ్లండులో ప్రాణాల మీదికి తెచ్చింది. ప్రయోగశాలల నుంచి సీఎస్‌వీలుగా వచ్చిన కోవిడ్ ఫలితాలను అక్కడి ప్రజారోగ్య సంస్థ పాత రూపంలోని ఫైళ్లలోకి ఎక్కించడంతో, నిండిన ఫైలు పైన పడినవన్నీ నిశ్శబ్దంగా జారిపోయి, సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు లెక్కలోకి రాలేదు. ఆ రోగులతో మెలిగినవారిని గుర్తించి హెచ్చరించే పని అన్ని రోజులూ ఆలస్యమైంది.

పెద్ద ఎగుమతులలో ఇటువంటి నిశ్శబ్దమే అసలు శత్రువు. లక్షల రికార్డులను ఒక్కసారిగా మెమరీలోకి తెచ్చుకుంటే సర్వరు కుంగిపోతుంది కాబట్టి కొన్ని కొన్నిగా చదువుతూ, చదివినవి చదివినట్టే పంపాలి. అందుకోసం మొదటి వెయ్యి, తరువాతి వెయ్యి అని స్థానాన్ని బట్టి లెక్కపెడుతూ పోతే, ఈలోగా ముందు వరుసల్లో ఒక రికార్డు తొలగినప్పుడు మిగిలినవన్నీ ఒక స్థానం పైకి జరిగి ఒకటి ఎగుమతిలో పడకుండా పోతుంది, కొత్తది మధ్యలో చేరితే ఒకటి రెండుసార్లు వస్తుంది. చివరగా చదివిన రికార్డు సంఖ్యను గుర్తుపెట్టుకుని దానికి మించినవి ఇమ్మని అడిగితే ఈ తప్పిపోవడం ఉండదు. మొత్తం ఎగుమతిని ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే డేటాబేస్ ఒక్క పనిగా లెక్కించే వరసలో, మొదలుపెట్టిన క్షణంలో ఉన్న స్థితి ప్రకారం చదివితే లెక్కలు కూడా ఒకదానితో ఒకటి పొసగుతాయి. ఇంకొకటి గమనించాలి: సీఎస్‌వీకి ముగింపు గుర్తు లేదు. మధ్యలో కనెక్షన్ తెగి సగమే దిగిన ఫైలు కూడా పూర్తి ఫైలులాగే తెరుచుకుంటుంది. జిప్ మూట అయితే తెగినప్పుడు తెరుచుకోను అని మొరాయిస్తుంది, ఈ ఒక్క విషయంలో అదే నయం. ఎన్ని రికార్డులు పంపుతున్నదీ డౌన్‌లోడ్ పేజీలో చూపితే తీసుకున్నవారు సరిపోల్చుకోగలరు.

ఎవరికి ఏమి దిగుతోందన్నది కూడా ఎగుమతిలో భాగమే. డేటాబేస్‌లో ఎవరు ఏది చూడవచ్చో కట్టుబాట్లు ఉంటాయి, డౌన్‌లోడైన ఫైలుకు అవేమీ ఉండవు. 2023 ఆగస్టులో ఉత్తర ఐర్లండు పోలీసు శాఖ ఒక సమాచార దరఖాస్తుకు జవాబుగా ఇచ్చిన స్ప్రెడ్‌షీటులో, కంటికి కనబడని షీటులో తొమ్మిది వేల మందికి పైగా సిబ్బంది వివరాలు ఉండిపోయి బయటపడ్డాయి. అదే నెలలో మన దేశంలో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది. సమావేశానికి సభ్యుల జాబితా అడిగితే పేరు, ఊరు, ఫోన్ చాలు. ఆధార్ కాలమ్ ఆ ఫైలులోకి రానే కూడదు.

పొందినవారి చేతిలో ఉన్న జాగ్రత్త ఒకటుంది. సీఎస్‌వీని డబుల్ క్లిక్‌తో తెరవకుండా, ఎక్సెల్ డేటా ట్యాబ్‌లోని ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెస్తే అక్షర పద్ధతిని యూటీఎఫ్-8గా ఎంచుకోవచ్చు, రకాలను ఊహించవద్దని చెప్పవచ్చు, గుర్తింపు సంఖ్యల కాలమ్‌లను టెక్స్ట్ అని నిర్ణయించవచ్చు. లిబ్రెఆఫీస్ కాల్క్ అయితే తెరిచేటప్పుడే ఈ ప్రశ్నలు అడుగుతుంది. కానీ సంఘం గుమాస్తాకు ఇదంతా నేర్పడం కంటే ఫైలునే సరిగ్గా ఇవ్వడం న్యాయం.

అందుకు ఎగుమతి రాసేవారు పరీక్ష కోసం ఒక సభ్యుణ్ణి కల్పించి నమోదు చేసుకోవాలి. అతని పేరు రాజ్‌కుమార్, అదృశ్య గుర్తుతో సహా. చిరునామాలో 8-3-12 అనే ఇంటి నంబరు, రెండు కామాలు, కొటేషన్లలో ఒక అపార్ట్‌మెంటు పేరు, మధ్యలో ఒక కొత్త లైను. ఎస్‌టీడీ కోడ్ 040, ఖాతా నంబరు పదహారంకెలు, సర్వే నంబరు 12/3, బాకీ మైనస్ 500, చేరిన సమయం ఏప్రిల్ 1 తెల్లవారుజాము మూడు గంటలు, రిమార్కుల గడి మొదట్లో = గుర్తు. ఎగుమతి కోడ్‌లో మార్పు చేసిన ప్రతిసారీ ఈ సభ్యుణ్ణి ఫైలులోకి దించి, ఆ ఫైలును మామూలు మనిషి తెరిచే పద్ధతిలోనే తెరిచి, ప్రతి గడినీ డేటాబేస్‌లో ఉన్నదానితో పక్కపక్కన పెట్టి చూడాలి.